సండూరు కాగితాలు: ఏ ఏటిది ఏ కచేరీలో ఉంటుంది?

బళ్ళారికి పడమట, హొసపేటకు ఆగ్నేయంగా, ఇనుప కొండల నడుమనున్న లోయలో సండూరు పట్టణం ఉంది. నారిహళ్ళ వాగు ఆ కొండలను చీల్చుకొని ప్రవహిస్తుంది. ఈ లోయలోను, దాని చుట్టుపక్కల ఊళ్ళలోను కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు వినిపిస్తాయి. అనేక కుటుంబాలలో ఇంటి మాట తెలుగు, కచేరీ మాట కన్నడం. రాయదుర్గం పిల్లను సండూరుకు ఇవ్వడం, ఆలూరు వాళ్ళకు కుడితిని పక్కన చేను ఉండడం ఇక్కడ వింత కాదు. ఒకే కుటుంబపు ఆస్తి కాగితాలు రెండు రాష్ట్రాలలో, మూడు భాషలలో ఉండడం కూడా అంతే సహజం.

భాగాల పంపకం, పట్టా మార్పు, గని కూలీ బకాయి, వంశవృక్షం వంటి అవసరం వచ్చినప్పుడు మాత్రం ఆ కాగితాలు ఎక్కడ వెదకాలో తెలియక కుటుంబాలు ఏళ్ళ తరబడి తిరుగుతాయి. చాలా సందర్భాలలో కాగితం పోయి ఉండదు. వెదికే చోటు తప్పయి ఉంటుంది. సండూరు ఏలుబడి ఎన్నిసార్లు మారిందో తెలిస్తే, ఏ ఏటి కాగితం ఏ కచేరీకి చేరిందో సులభంగా గ్రహించవచ్చు.

మారిన ఏలుబడులు

18వ శతాబ్ది తొలి భాగంలో ఘోర్పడే వంశపు మరాఠా సర్దారులు బేడ పాళెగారి నుండి సండూరును గెలుచుకున్నారు. గుత్తి కోటను ఏలిన మురారిరావు ఈ వంశంవాడే. 1776లో గుత్తి హైదరలీ వశమైంది. సండూరు కూడా మైసూరు చేతికి పోయి, కొంతకాలానికి మళ్ళీ ఘోర్పడేలకు దక్కింది.

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అందుకే బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలకు దత్తమండలమన్న పేరు వచ్చింది. సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలానికి ప్రధాన కలెక్టరు. 1808లో ఆ మండలాన్ని బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీశారు. ఈ విభజనలో సండూరు కలవలేదు. 1817లో పీష్వా కోరికపై మన్రో సేనతో వచ్చి సండూరును స్వాధీనం చేసుకున్నాడు. మరుసటి ఏడు, అంటే 1818లో, దానిని తిరిగి శివరావు ఘోర్పడేకు అప్పగించారు. 1826లో మద్రాసు ప్రభుత్వం సనదు ఇచ్చింది. అప్పటి గవర్నరు మన్రోయే.

ఆ తరువాత 120 ఏళ్ళకు పైగా సండూరు చుట్టూ బళ్ళారి జిల్లా ఉన్నా, తాను మాత్రం వేరొక సంస్థానంగానే నిలిచింది. విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు. 1901 నాటికి జనాభా సుమారు 11 వేలు. 1949 ఏప్రిల్ 1న సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమై బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా అయింది. నాలుగున్నర ఏళ్ళు గడవగానే, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడే బళ్ళారి జిల్లా ముక్కలైంది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాకు వెళ్ళాయి. సండూరు సహా మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. 1973లో ఆ రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు వచ్చింది. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా ఏర్పడినా సండూరు బళ్ళారి జిల్లాలోనే ఉండిపోయింది.

కాబట్టి 1940లో పుట్టిన సండూరు మనిషి ఊరు కదలకుండానే సంస్థానంలోను, మద్రాసులోను, మైసూరులోను, కర్ణాటకలోను జీవించాడు. అతని కాగితాలు మాత్రం ఊరు కదిలాయి.

1949కి ముందు: సంస్థానపు దస్తరం

సంస్థాన కాలపు వ్యవహారాలు రెండు విధాలైనవి. ఒకటి సంస్థానం లోపలి పాలన: శిస్తు, ఇనాములు, న్యాయస్థానం, దేవాలయాలు, అడవులు. రెండవది సంస్థానానికి, బ్రిటిష్ ప్రభుత్వానికి నడుమ సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలు.

ఈ రెండవ రకపు కాగితాల జాడ స్పష్టంగా తెలుస్తుంది. చాలాకాలం బళ్ళారి కలెక్టరే సండూరుకు పొలిటికల్ ఏజెంటు. అందువల్ల ఆ కాలపు లేఖలు బళ్ళారి జిల్లా దస్త్రాలలోను, మద్రాసు ప్రభుత్వ దస్త్రాలలోను చేరాయి. ఇవి నేడు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెదకవలసినవి. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా వెలసిన సంస్థ అది. 1923 తరువాత సండూరును పుదుక్కోట, బనగానపల్లె, తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాలతో కలిపి మద్రాసు సంస్థానాల ఏజెన్సీ కిందికి తెచ్చారు. ఆ ఏజెన్సీ దస్త్రాలను ఢిల్లీలోని జాతీయ ప్రాచీన పత్రాగారంలోను, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్త్రాలలోను వెదకాలి. జాతీయ పత్రాగారం తన సూచికలలోను, దస్త్రాలలోను చాలా భాగాన్ని ‘అభిలేఖ్ పటల్’ అన్న వెబ్‌సైటులో ఉంచింది. గ్రామం పేరు, సంస్థానం పేరు ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి ఇంటి నుండే వెదకవచ్చు. పాత స్పెల్లింగులు రకరకాలుగా ఉండేవి గనుక నాలుగైదు విధాలుగా వెదకడం మంచిది.

అనంతపురం జిల్లావారికి మరొక సంగతి ముఖ్యం. 1882 వరకు అనంతపురం వేరు జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. గుత్తి, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల 1882కు ముందటి కాగితాలను బళ్ళారి జిల్లా పేరు మీదనే అడగాలి. అనంతపురం పేరుతో అడిగితే ‘లేవు’ అన్న జవాబే వస్తుంది.

ఇనాము భూములు: రెండు దారులు

మద్రాసు రాజధానిలో 1858 నుండి ఇనాము కమిషన్ పనిచేసింది. ప్రతి ఇనాము ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎంత భూమి, ఎవరి అనుభవంలో ఉంది అన్న వివరాలు విచారించి రిజిస్టర్లలోకి ఎక్కించింది. ‘ఇనాము ఫెయిర్ రిజిస్టరు’ అని నేటికీ కోర్టులలో వినబడేది అదే. రాయదుర్గం, ఆలూరు, ఆదోని వైపు ఊళ్ళ దేవాదాయ, బ్రాహ్మణ, గ్రామసేవ ఇనాములకు ఆ రిజిస్టరు మూలాధారం.

సండూరు అప్పుడు బ్రిటిష్ జిల్లా కాదు. అందుచేత సండూరు ఇనాముల దారి వేరు. ఇనాము భూములను దున్నే రైతుల హక్కుల కోసం 1973లో సండూరులో పెద్ద ఆందోళన నడిచింది. 1976లో కర్ణాటక శాసనసభ సండూరు ప్రాంతానికే ప్రత్యేకంగా ఇనాముల రద్దు చట్టం చేసింది. ఒక్క తాలూకా కోసం ఇలా చట్టం చేయవలసి వచ్చిందంటే కారణం దాని సంస్థాన చరిత్రే.

ఆ కాలంలో కౌలుదారులు భూన్యాయమండలి ముందు అర్జీలు పెట్టుకున్నారు. కర్ణాటక భూసంస్కరణల చట్టం కింద పెట్టిన అర్జీని ఈ ప్రాంతమంతా ‘ఫారం 7’ అనే పిలుస్తుంది. దానిని పెట్టుకునే గడువు 1979 జూన్ 30తో ముగిసింది. తాత పెట్టిన ఫారం 7 నకలు, మండలి తీర్పు, ఆ తరువాత ఇచ్చిన హక్కు పత్రం ఈ మూడూ ఒక వరుస. మొదటి రెండు లేక మూడవది మాత్రమే ఉన్న కుటుంబాలు మిగతావాటికి తాలూకా కచేరి రికార్డు గదిలో నకలు కోరాలి. భూస్వామికి ధాన్యమో రొక్కమో చెల్లించినప్పుడు తీసుకున్న రసీదు ఆ రోజులలో చిన్న చీటీగా కనిపించి ఉండవచ్చు. దున్నినవాడు తానేనని చెప్పుకోవడానికి రైతు చేతిలో ఉన్న సాక్ష్యం తరచు ఆ చీటీయే.

కరణం ఇంటి పెట్టె

గ్రామ లెక్కలు కచేరీలో ఉంటాయని నేటి తరం అనుకుంటుంది. పూర్వం అవి కరణం ఇంట్లో ఉండేవి. కన్నడ ఊళ్ళలో ఆయనను శానుభోగుడనేవారు. ఉద్యోగం వంశపారంపర్యం గనుక లెక్కలూ వంశపారంపర్యంగానే వచ్చేవి. తాటాకు కవిలెలు, కడితాలు, కాగితపు చిట్టాలు తండ్రి నుండి కొడుకుకు సంక్రమించేవి. కడితమంటే గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి, మడతలు పెట్టి, బలపంతో వ్రాసే నల్లని పుస్తకం. తుడిచి మళ్ళీ వ్రాయవచ్చు గనుక దానిని రోజువారీ లెక్కలకు వాడేవారు.

ఈ వంశపారంపర్య ఉద్యోగాలు సరిహద్దుకు రెండు వైపులా ఒకేసారి పోలేదు. మైసూరు రాష్ట్రం 1961లో చేసిన చట్టం 1963లో అమలయింది. ఆంధ్రప్రదేశ్‌లో కరణాలు, మునసబుల వ్యవస్థ 1984లో రద్దయింది. అంటే సండూరు వైపు లెక్కలు రాయదుర్గం వైపు కన్నా 20 ఏళ్ళు ముందే ఇల్లు మారాయి. రెండు చోట్లా కచేరీకి అప్పగించినవి కొన్ని, అటక మీద మిగిలినవి కొన్ని. అటువంటి పెట్టె ఉన్న ఇంటివారు దానిని పాత కాగితాల వ్యాపారికి తూకానికి అమ్మక ముందు ఒక్కసారి ఊరి పెద్దలతో కలిసి చూడడం అవసరం. అది ఆ ఇంటి ఆస్తి మాత్రమే కాదు, ఊరందరి హద్దులూ అందులో ఉంటాయి.

వర్తకుల ఖాతాలు

బళ్ళారి, ఆదోని ప్రాంతం పత్తికి పేరుపొందింది. నల్లరేగడిలో పండిన పత్తి కొనే షావుకార్లు, జిన్నింగు మిల్లులు, అడతిదారులు, కంబళ్ళు అమ్మేవారు, తోళ్ళ వర్తకులు ఎవరి లెక్కలు వారు వ్రాసుకునేవారు. రోజువారీ జమాఖర్చుకు చిట్టా, మనిషి మనిషికీ వేరు పద్దు చూపే ఖాతా పుస్తకం, దూరపు చెల్లింపులకు హుండీ, అప్పుకు ప్రామిసరీ నోటు వాడుకలో ఉండేవి.

చరిత్రకారులకు ఈ పుస్తకాలు ధరలు, కరువులు, వలసలు చెబుతాయి. ఇంటివారికి మరొకటి చెబుతాయి. ఏ ఏడు చేను తాకట్టు పెట్టారు, ఎప్పుడు విడిపించారు, పెళ్ళికి ఎంత అప్పు తెచ్చారు అన్న సంగతులు షావుకారు ఖాతాలోనే నిలుస్తాయి. తాకట్టు విడుదల కాగితం పోయిన కుటుంబానికి ఆ పద్దు ఒక ఊతం.

భారతదేశంలో వ్యాపార కాగితాలను శ్రద్ధగా దాచే అలవాటు ఇటీవలిదే. టాటా సంస్థ 1991లోను, ముంబయిలో గోద్రెజ్ సంస్థ 2006లోను తమ కాగితాలకు పత్రాగారాలు ఏర్పరచాయి. చిన్న పట్టణపు కొట్లకు అటువంటి ఏర్పాటు లేదు. కొట్టు మూతపడిన నాడే ఖాతాలు కూడా పొట్లాలు కట్టడానికి పోతుంటాయి.

గని కాగితాలు

సండూరు కొండలలోని ఖనిజాన్ని గురించి భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1895 ప్రాంతంలో వెలువడిన తన బళ్ళారి జిల్లా గ్రంథంలో వివరంగా వ్రాశాడు. 20వ శతాబ్ది తొలి దశకాలలో మాంగనీసు తవ్వకం ఊపందుకుంది. 1954లో సండూరు మాంగనీస్ అండ్ ఐరన్ ఓర్స్ కంపెనీ ఏర్పడింది. 2000 తరువాత ఇనుప ఖనిజం ధర పెరగడంతో లోయ నిండా గనులు, దారి నిండా లారీలు వచ్చాయి. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గని తవ్వకాన్ని నిలిపివేసింది. 2013 ఏప్రిల్ 18న తీవ్రమైన ఉల్లంఘనలు జరిగిన ‘సి’ తరగతి గనుల కౌళ్ళను రద్దు చేసింది. మిగతా గనులకు షరతులతో దశలవారీగా అనుమతి లభించింది.

గనులు మూతపడినప్పుడు కూలీలు చెదిరిపోయారు. వారిలో రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు నుండి వచ్చిన తెలుగువారు ఉన్నారు. పనిచేసిన ఏళ్ళకు రుజువు కావలసి వస్తే ఎక్కడ దొరుకుతుందన్నది వారి ప్రశ్న.

దీనికి నాలుగు దారులున్నాయి. మొదటిది, 1952 గనుల చట్టం నడిచిన కాలంలో ప్రతి గని యజమాని పనివారి పేర్లతో ‘ఫారం బి’ రిజిస్టరు ఉంచవలసి ఉండేది. పేరు, తండ్రి పేరు, వయస్సు, చేరిన తేదీ అందులో ఉండేవి. రెండవది భవిష్య నిధి ఖాతా. చందా ఒక్క నెల కట్టినా ఆ ఖాతా సంఖ్య ఉంటుంది, గని మూతపడినా ఖాతా మూతపడదు. మూడవది, ఇనుము, మాంగనీసు, క్రోము గనుల కార్మికుల సంక్షేమ నిధి. 1976 చట్టంతో ఏర్పడిన ఈ నిధి నుండి పిల్లల చదువుకు, వైద్యానికి సాయం పొందినవారికి అందుకు సంబంధించిన కార్డులు, మంజూరు కాగితాలు ఉండవచ్చు. నాలుగవది కూలీ స్వంత కాగితాలు: గేటు పాసు, హాజరు కార్డు, జీతపు చీటీ, గని వైద్యుడి పరీక్ష చీటీ. ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం అడిగేటప్పుడు ఈ చివరి చీటీ విలువ అపారం. ధూళిలో పనిచేసిన ఏళ్ళకు, నేటి దగ్గుకు నడుమ వంతెన అదే.

ఖనిజం ఎంత పోయిందో టన్నులలో లెక్క కట్టడానికి పర్మిట్లు, తూనిక చీటీలు, రైల్వే రసీదులు సాయపడ్డాయి. దాన్ని తవ్విన చేతుల లెక్కకు కూలీ ఇంట్లోని చీటీలే మిగిలాయి.

హద్దు రాళ్ళు, పాత పటాలు

బళ్ళారి రక్షితారణ్యం, అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలపు ఓబుళాపురం నడుమ రాష్ట్ర సరిహద్దు ఎక్కడన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ హద్దు గుర్తులు చెదిరిపోవడంతో సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలను ముందు పెట్టుకొని కొత్తగా కొలవవలసి వచ్చింది. కోట్ల రూపాయల ఖనిజం ఏ రాష్ట్రానిదన్న ప్రశ్నకు సమాధానం బ్రిటిష్ కాలపు అటవీ, గ్రామ పటాలలో వెదకవలసి వచ్చిందన్న మాట.

సామాన్య రైతుకూ ఇదే వర్తిస్తుంది. చేను హద్దు మీద తగవు వస్తే సర్వే నంబరు పటం, గ్రామ పటం మొదట చూడవలసినవి. ఆంధ్ర వైపు వీటిని ఎఫ్.ఎం.బి. అని, కర్ణాటక వైపు టిప్పణి, ఆకారబంధు అని పిలుస్తారు. కర్ణాటకలో పహణీలను కంప్యూటరుకు ఎక్కించిన ‘భూమి’ పథకం 2002 నాటికి రాష్ట్రమంతటా అమలయింది. తాలూకా కచేరీలలోని పాత దస్త్రాలను స్కాన్ చేసే ‘భూ సురక్ష’ పని 2024లో మొదలయింది. ఆంధ్రలో ‘మీ భూమి’ 2015లో వచ్చింది. అయితే కంప్యూటరులో కనిపించేది సాధారణంగా చివరి తరాల పద్దు. అంతకు ముందరి గొలుసుకు చేతివ్రాత రిజిస్టరే దిక్కు.

పండితులు, దొరలు వదిలిన కాగితాలు

ప్రభుత్వ దస్త్రాలు కాక వ్యక్తుల స్వంత కాగితాలు కూడా ఈ ప్రాంతపు చరిత్రను దాచాయి. మన్రో స్వంత లేఖలు, నివేదికలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1827లో ఆయన పత్తికొండలో కలరాతో మరణించిన సంగతి ఈ ప్రాంతీయులకు తెలిసిందే.

కల్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకులను ఊరూరా పంపి కరణాల చేత గ్రామ చరిత్రలు చెప్పించి వ్రాయించాడు. వాటినే కైఫీయతులంటారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఊరు ఎందుకు పాడుపడింది అన్న విషయాలు అందులో కనిపిస్తాయి. మెకంజీ 1821లో చనిపోయాక ఈ కాగితాలు చెడిపోతుండగా సి.పి. బ్రౌన్ (1798–1884) వాటిలో పలు భాగాలకు నకళ్ళు తీయించాడు. అవి చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. బళ్ళారి ప్రాంతపు ఊళ్ళ కైఫీయతులు కూడా ఆ సంపుటాలలో ఉన్నాయి.

కడపలో బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలోనే నేడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి (1926–2014) కృషి ఫలమది. తాటాకు ప్రతులను, పాత పుస్తకాలను, లేఖలను అక్కడ భద్రపరిచారు. కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చు వేయించింది కూడా ఆ కేంద్రమే. రాయలసీమ ప్రాంతంలో కుటుంబ కాగితాలు దాచదలచినవారికి దగ్గరలోని ఆదర్శం ఇది. బళ్ళారి, సండూరు తెలుగువారికి ఇటువంటి స్థలం తమ ముంగిట లేకపోవడం ఒక లోటే.

పాత కాగితం చదివే తీరు

కాగితం దొరికాక చదవడం మరొక పని. మరాఠా సంస్థానాల కచేరీ వ్రాతలు తరచు మోడీ లిపిలో ఉంటాయి. ఇది మరాఠీని వేగంగా, కలిపి వ్రాసే లిపి. మరాఠీ వచ్చినవారు కూడా నేర్చుకోనిదే చదవలేరు. అర్థం కాలేదని అటువంటి కాగితాన్ని పారవేయరాదు.

ఏళ్ళు లెక్కించడంలో పొరపాట్లు ఎక్కువ. శిస్తు కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. మద్రాసు పద్ధతిలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలయిన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1358 అంటే 1948 జూలై నుండి 1949 జూన్ వరకు. సండూరు విలీనమైంది ఈ ఫసలీలోనే. ఫసలీ 1363 అంటే 1953 జూలై నుండి 1954 జూన్ వరకు. జిల్లా విడిపోయింది ఆ ఏడు. శాలివాహన శకమైతే 78 కలపాలి. విరోధి, విజయ వంటి పేర్లు 60 ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. విరోధి 1949–50 కావచ్చు, 1889–90 కూడా కావచ్చు. పేరు ఒక్కటే చూసి కాలం నిర్ణయించకూడదు.

కొలతలలో మరో చిక్కు ఉంది. ఆంధ్ర వైపు ఎకరాకు 100 సెంట్లు, కర్ణాటక వైపు ఎకరాకు 40 గుంటలు. ఒక గుంట రెండున్నర సెంట్లు. కన్నడ పహణీలో 2–20 అని ఉంటే అది 2 ఎకరాల 20 గుంటలు, అంటే 2 ఎకరాల 50 సెంట్లు. దానిని 20 సెంట్లుగా చదివినవారు 30 సెంట్ల భూమిని మాటల్లోనే పోగొట్టుకుంటారు. పాత పంపకాల కాగితాలలో వాటాలను అణాలలో వ్రాసేవారు. పూర్తి ఆస్తి 16 అణాలు. ‘నాలుగణాల భాగం’ అంటే నాలుగో వంతు.

చట్టం ఏమంటుంది?

30 ఏళ్ళు దాటిన కాగితం సరైన చోట, సరైనవారి అధీనంలో నుండి వచ్చినట్లయితే, దానిమీది వ్రాత, సంతకం ఆ వ్యక్తివేనని కోర్టు భావించవచ్చు. 1872 సాక్ష్య చట్టంలోని 90వ సెక్షను ఇదే చెప్పేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 92వ సెక్షను ఇదే మాట చెబుతుంది. అయితే ఇది మూల ప్రతికి దక్కే వెసులుబాటు. కాగితంలోని సంగతి నిజమా కాదా అన్నది వేరుగా తేలాలి. అందుకే మూల ప్రతిని దళారుల చేతికి ఇవ్వకూడదు.

రిజిస్టరు అయిన దస్తావేజు పోయినా భయపడనక్కరలేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో నకలవుతాయి. ఆ పుస్తకాన్ని, సూచికను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, ధృవీకరించిన నకలు పొందవచ్చు. వీలునామాలుండే 3వ పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. వీలునామా వ్రాసినవారు బ్రతికి ఉన్నంతకాలం వారికో, వారి ప్రతినిధికో మాత్రమే నకలు ఇస్తారు, వారు మరణించాక అడిగినవారికి ఇస్తారు.

ఇంటి కాగితాలను పత్రాగారానికి ఇవ్వడం ఎవరికీ తప్పనిసరి కాదు. 1993 నాటి కేంద్ర పబ్లిక్ రికార్డుల చట్టం ప్రభుత్వ దస్త్రాలకు వర్తిస్తుంది. వ్యక్తుల నుండి ముఖ్యమైన కాగితాలను దానంగానో కొనుగోలుగానో స్వీకరించే వీలు మాత్రం జాతీయ పత్రాగారానికి ఆ చట్టమే కల్పించింది.

దాచడం, అడగడం, ఇవ్వడం

సండూరు లోయలో ఎర్రధూళి, చెదలు, వానాకాలపు చెమ్మ కాగితానికి శత్రువులు. నాలుగు జాగ్రత్తలు ఖర్చు లేనివి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకూడదు, దాని జిగురు కొన్నేళ్ళకు కాగితాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ లామినేషన్ చేయించకూడదు, ఒకసారి వేస్తే మళ్ళీ తీయడం కష్టం. మడతలు విప్పి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, నేలకు గోడకు తగలని చోట ఉంచాలి. పగటి వెలుతురులో రెండు వైపులా, ముద్రలు స్టాంపులతో సహా, ఫోనుతో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచాలి.

పత్రాగారానికి అర్జీ పెట్టేటప్పుడు ‘మా తాత భూమి కాగితాలు’ అని వ్రాస్తే ఎవరూ వెదకలేరు. ఊరి పాత పేరు, నేటి పేరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, సర్వే నంబరు, వ్యక్తి పేరు, అయిదేళ్ళకు మించని కాలం వ్రాయాలి. 1949కి ముందు సండూరు సంస్థానమని, 1949–53 మధ్య మద్రాసు రాష్ట్రం బళ్ళారి జిల్లా అని, 1953 తరువాత మైసూరు రాష్ట్రమని స్పష్టంగా పేర్కొనాలి. 1953 తరువాతి ప్రభుత్వ స్థాయి దస్త్రాలకు బెంగళూరులోని కర్ణాటక రాష్ట్ర పత్రాగారం, భూమి పద్దులకు సండూరు తాలూకా కచేరి, బళ్ళారి కలెక్టరు కచేరి తగిన చోట్లు.

ఇంటి కాగితాలను సంస్థకు ఇవ్వదలచినవారు హక్కునిచ్చే మూల దస్తావేజులను తమ దగ్గరే ఉంచుకొని, ఖాతా పుస్తకాలు, కవిలెలు, లేఖలు, ఫొటోలు ఇవ్వవచ్చు. ఇచ్చే ముందు పట్టిక వ్రాసి, ఇచ్చినది దానమా, భద్రతకు మాత్రమేనా అన్నది తేల్చి, సంస్థ ముద్రతో రసీదు పొందాలి. నకళ్ళు తమకు ఉచితంగా ఇవ్వాలన్న షరతు పెట్టుకోవచ్చు.

ఇంట్లో పెద్దవారుండగానే చేయవలసిన పని ఒకటుంది. పెట్టె విప్పి, ప్రతి కాగితం ఎవరిది, ఏ చేనుది, ఏ సందర్భానిది అన్నది వారిచేత చెప్పించి, పెన్సిలుతో వేరే చీటీ మీద వ్రాసి జతచేయాలి. లిపి తెలియని కాగితాన్ని తరువాతైనా చదివించుకోవచ్చు. అందులోని పేరు ఎవరిదో చెప్పగలిగినవారు పోయాక మాత్రం, ఆ కాగితం ఏ పత్రాగారంలో ఉన్నా ఆ ఇంటికి సగం మూగదే అవుతుంది.